కృత్తికలు చూపిన తూర్పు

ఊళ్లో తెల్లదొరల జెండా దిగి మన జెండా ఎగిరిన కార్తీకంలో సుబ్బరాయలు సారం పేటలోని తన దొడ్లో పూజగది కట్టించ తలపెట్టాడు. శుక్రవారం శంకుస్థాపన. దేవుడి ముఖం తూర్పుకే ఉండాలి. ఆ తూర్పు ఎటో తేల్చుకోవాలి.

యానాం నుంచి కొత్తగా వచ్చిన బడిపంతులు రామభద్రరావు సాయంత్రాలు కోవెల్లో పురాణం చెప్పేవాడు. ఒకనాడు మాటల మధ్య, "కృత్తికలు తూర్పు తప్పవంటుంది వేదం" అన్నాడు. సుబ్బరాయలుకి అంతకంటే ఏం కావాలి? బుధవారం దీపాల వేళ, పొలాల అంచున కృత్తికల గుంపు పైకి రాగానే అటుకేసి తాడు లాగి మేకు కొట్టాడు.

తెల్లారి కళ్లాపి చల్లుతూ భార్య కన్నియమ్మాళ్ ఆగిపోయింది. తాడు బావిగట్టుకి ఏటవాలుగా, ఉత్తరం వైపు తిరిగి ఉంది.

"ఏందయ్యా ఇది? మీ నాయన తూర్పు చూసి కట్టించిన గట్టు ఇట్లుంటే, నీ తూర్పు యాడికో పోతా ఉంది. ఆయన తప్పా, వేదం తప్పా?"

సుబ్బరాయలు మేకు దగ్గరికొచ్చి చూశాడు. తండ్రిది తప్పనలేడు. వేదాన్ని అనడానికి నోరు రాదు. తప్పు దిక్కున దేవుణ్ణి కూర్చోబెట్టనూ లేడు. నేరుగా ఒర్లియంపేటలో పంతులుగారి ఇంటికి వెళ్లాడు.

"సారూ, వేదం అబద్ధం చెప్తుందా?"

సంగతంతా విని రామభద్రరావు నవ్వాడు. "సగం చెప్పి ఊరుకున్నది నేనండీ. అది వేల ఏళ్లనాటి మాట. అప్పుడు సరిగ్గా తూర్పునే పొడిచేవి. తర్వాత మెల్లగా ఉత్తరానికి జరిగాయి. చూసినవాళ్లు చూసిందే చెప్పారు."

"మరి నాకు తూర్పు ఎవరు చూపిస్తారు?"

"దానికీ వాళ్లే దారి చెప్పారండీ. కర్ర పాతి చుట్టూ వలయం గియ్యండి. పొద్దున నీడ కొస వలయాన్ని తాకినచోట ఒక గుర్తు, మధ్యాహ్నం దాటాక మళ్లీ తాకినచోట ఒక గుర్తు. రెంటినీ కలిపితే తూర్పుపడమరలు."

ఆ రోజంతా సుబ్బరాయలు కర్ర దగ్గరే కూర్చున్నాడు.

"నీడని కోళ్లు తినిపోతాయనా కాపలా?" అంది కన్నియమ్మాళ్, మజ్జిగ చేతికిస్తూ.

పొద్దు వాలాక గీత గీశాడు. అది బావిగట్టుతో సమంగా వచ్చింది. సుబ్బరాయలు తండ్రిని తలుచుకుని గట్టుకి దండం పెట్టి, తాడు విప్పాడు. ఆమె మేకు పీకబోయింది.

"అది ఉండనీ. కార్తీకదీపం ఆడ పెడదాం. ఇప్పుడు కృత్తికలు వచ్చేది ఆ పక్కనుంచే గదా."

"ఇంకా జరిగితే?"

"అప్పుడుండేవాళ్లు చూసుకుని మేకు జరుపుకుంటారు."

ఆమె మేకు వదిలేసి, ప్రమిద తేవడానికి లోపలికి వెళ్లింది.