రోతకి జానెడు

లక్ష్మణమ్మ రోజుకి నలభైసార్లు రోత అంటుంది. కుళాయి దగ్గర వరస తప్పితే రోత. ఆటోలో పదిమందిని కుక్కితే రోత. టీవీలో అత్తగారు పట్టుచీరతో నిద్ర లేస్తే రోత. ఊళ్ళో అందరూ అంతే. పిల్లలకి బడికెళ్ళడం రోత, ఇంటికొచ్చాక అమ్మ చెప్పే పని ఇంకా రోత.

ఇవేవీ లెక్కలోకి రావు. నిజం రోత వేరు. నీలమ్మపేటలో ఇంటి ఆడది ఎవరిమీదైనా నిజంగా రోతపడి ఆ మాట పైకి అందంటే, ఆమె ఇల్లు ఆ మనిషి వైపు జానెడు జరుగుతుంది. పునాదితో సహా, పొయ్యి మీద గంజి చిందకుండా. అందుకే లైన్‌మన్ ఆ ఊళ్ళో కరెంటు తీగ కాస్త వదులుగా కడతాడు. పంచాయతీ సెక్రటరీ ఇళ్ళ హద్దులు పెన్సిల్‌తోనే రాసుకుంటాడు.

దూరం జరగాలిగాని దగ్గరికి జరగడమేమిటని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. వాళ్ళకేం తెలుసు. ఇష్టంలేని మనిషిని మరిచిపోతాం. రోతపుట్టిన మనిషి ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో గోడకి చెవి ఆనించి మరీ వింటాం. అంత శ్రద్ధ కట్టుకున్న మొగుడి మీద కూడా పెట్టం.

లక్ష్మణమ్మకి నిజం రోత ఒక్క ఆడపడుచు మరిడమ్మ మీదే. ఇరవయ్యేళ్ళ కిందట లక్ష్మణమ్మ కూతురు దేవి పెళ్ళిలో చేపల పులుసు ఉప్పుకషాయమైంది. మగపెళ్ళివారు విస్తళ్ళు వదిలి లేచిపోయారు. పొయ్యి దగ్గర ఉన్నది మరిడమ్మ. "నాను కాదు వదినా, గంగమ్మతల్లి మీద ఒట్టు" అంది. లక్ష్మణమ్మ నమ్మలేదు. ఆనాటి నుంచి మాటల్లేవు. ఏడాదికి ఐదారుసార్లు లక్ష్మణమ్మ కడుపులోంచి ఆ మాట వచ్చేది, ఇల్లు జానెడు జరిగేది.

మరిడమ్మ ఇల్లు గట్టు వైపు. లక్ష్మణమ్మది సముద్రం వైపు, ఆ వరసలో ఆఖరిది. సముద్రం ఏటా ఒడ్డుని కొరుక్కుంటూ వస్తోంది. వెనకనించి సముద్రం, ముందుకి రోత. ఇరవయ్యేళ్ళు ఇల్లు తడవకుండా నెట్టుకొచ్చిందంటే ఆ రోత పుణ్యమే.

రెండువేల పదహారు వానాకాలంలో లక్ష్మణమ్మకి కీళ్ళు పట్టేసే జ్వరం తగిలింది. తొమ్మిది రోజులు ఎవరో గుమ్మంలో జావగిన్నె పెట్టి పోయారు. ఆ సొట్టగిన్నె ఎవరిదో లక్ష్మణమ్మకి తెలుసు. తాగింది. లేచి నడిచాక అలవాటుగా "ఆ మరిడంటే నాకు రోత" అంది. ఇల్లు కదల్లేదు. మర్నాడు గట్టిగా అంది. కదల్లేదు. కార్తీకమాసానికి కెరటం వెనకగోడని తాకింది.

లక్ష్మణమ్మ మొగుడు నూకయ్య వల బాగుచేసుకుంటూ, "ఇంకెవుర్నైనా సూసుకోయే రోతకి" అన్నాడు.

"ఎవుర్ని సూసినా జాలేస్తంది. వయసైపోనాది నాకు" అంది లక్ష్మణమ్మ.

గట్టు మీదనించి మరిడమ్మ చూసింది. పౌర్ణమి పోటుకి ఇంక మూడు రోజులే ఉంది. పొద్దున్నే వీధిలోకొచ్చి నడుం మీద చేతులు వేసుకుంది.

"ఒసే, నీ ఎండుసేపలు కుక్క కూడా ముట్టదు."

"నిజవేనే. ఈసారి ఎండ సాల్లేదు" అంది లక్ష్మణమ్మ.

"నీ కూతురిది కోతి మొకం."

"అయ్య పోలికే. ఏటి సేస్తాం?"

ఇరవయ్యేళ్ళ తర్వాత మాటలు కలిశాయన్న సంతోషంతో లక్ష్మణమ్మ పీట కూడా వేసింది. మరిడమ్మ తల పట్టుకుంది. మనిషిని మంచిదాన్ని చెయ్యడం తేలికే, చెడగొట్టడానికే ఓపిక కావాలి. రెండు రోజులు తిట్టి తిట్టి గొంతు పోగొట్టుకుంది. ఇల్లు మాత్రం బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంది.

పౌర్ణమినాడు మధ్యాహ్నం మరిడమ్మ ఆ ఇంటి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"దేవి పెళ్ళిలో ఉప్పు నానే ఏసినాను. రెండు దోసిళ్ళు. గంగమ్మ మీద దొంగొట్టు ఎట్టినాను."

లక్ష్మణమ్మ చేతిలో చేట ఆగింది. మొహం ఎరుపెక్కింది.

"ఎందుకే?"

"నీ ఇంట పెళ్ళి, నా ఇంట లేదు కదా. సూళ్ళేకపోనాను."

"మరిడీ, నువ్వంటే నాకు రోత."

జానెడు కాదు. ఇరవయ్యేళ్ళ జానెళ్ళూ ఒక్కసారే. ఇల్లు ఇసకలో దుక్కి దున్నినట్టు గట్టెక్కి, చిక్కుడు పందిరిని పక్కకి తోసి, మరిడమ్మ అరుగుని ఢీకొని ఆగింది. ఎదురింటి పద్మకుమారి తీగమీద బట్టలు తీసుకుని తప్పుకుంది, లారీకి తప్పుకున్నట్టు. సాయంత్రం పోటొచ్చి ఆ పాత వంటిల్లున్న చోటుని నాకేసి పోయింది.

మర్నాడు నూకయ్య ఒడ్డున పడవ పక్కన నిలబడి ఎంతసేపో గట్టువైపు చూశాడు. చివరికి అక్కణ్ణించే అరిచాడు.

"ఏయే, ఉప్పు ఏసింది సెల్లి కాదు. నానే. తాగున్నాను, పులుసు సప్పగున్నాదనిపించినాది. సెల్లి సూసినాది. పెళ్ళికూతురి అయ్య పరువు పోతాదని నోరు మూసుకున్నాది."

లక్ష్మణమ్మ మరిడమ్మ వైపు చూసింది. మరిడమ్మ చిక్కుడు పందిరి వైపు చూసింది.

"ఇరవయ్యేళ్ళా" అంది లక్ష్మణమ్మ. అరుగు మీదికొచ్చి ఒడ్డుకి తిరిగింది. "ఒరే ముసిలోడా, నువ్వంటే నాకు రోత."

వీధి వీధంతా ఊపిరి బిగబట్టింది. నూకయ్య వెనకాల సముద్రమే ఉంది. మరిడమ్మ ఒక్క గెంతులో వచ్చి ఆ ఇంటి గుంజని రెండు చేతులా వాటేసుకుంది.

ఇల్లు కదల్లేదు.

లక్ష్మణమ్మ ఇంకోసారి అంది, ఈసారి ఇంకా గట్టిగా. చూరుకింద కోడిపెట్ట కూడా కళ్ళు తెరవలేదు. నూకయ్య అక్కడే నిలబడి నవ్వు ఆపుకోలేక తలపాగా చివర నోట్లో కుక్కుకున్నాడు.

"సచ్చినోడా, ఏటి నవ్వుతన్నావు? సేపలు అట్టుకుని బేగి రా" అంది లక్ష్మణమ్మ.

కాసేపటికి రెండిళ్ళ మధ్య మిగిలిన ఒక్క అరుగు మీద పులుసు ఉడికింది. లక్ష్మణమ్మ చింతపండు పిండింది, కారం వేసింది, కలిపింది. ఉప్పు డబ్బా మాత్రం ముట్టుకోలేదు. దాన్ని మరిడమ్మ వైపు తోసింది.

"నువ్వెయ్యి."

మరిడమ్మ మూత తీసి చిటికెడు తీసుకుంది.

"సాలా వదినా?"