అత్తయ్య పువ్వు

చెట్టు నానా అవస్థా పడి పూసిన పువ్వును మనం చిటికెలో గిల్లి దేవుడికి పెడతాం కదా, ఆ పుణ్యం మనదా, చెట్టుదా? ఈ సందేహం టీచరమ్మను ఏళ్లుగా వదల్లేదు. భర్తనడిగితే, ఆయన దీపం వత్తి సర్దుకుంటూ "పూజ చేసినవాడిది" అనేసేవాడు.

ఆమె ముందుగదిలో ఒక ఆంథూరియం మొక్క ఉంది. కింది వాటాలో బట్టలు కుట్టి బతికిన ముసలావిడ, అందరూ బొత్తాల అత్తయ్య అనే ఆవిడ, తన కుండీలోంచి పిలక విడదీసి ఇచ్చింది. "ఊరికే ఇవ్వనమ్మాయ్. మొదటి పువ్వు నాది," అంది. సరేనంది టీచరమ్మ. తర్వాత అత్తయ్య కుండీ ఎండిపోయింది, మోకాళ్లు మెట్లెక్కనివ్వడం మానేశాయి. టీచరమ్మ గుమ్మం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా "నా బాకీ పూసిందా?" అనేది.

పూస్తేగా. ఎండలో పెడితే ఆకులు మాడాయి. మూలన పెడితే ఆకులే తప్ప మొగ్గ లేదు. చివరికి పల్చటి తెర చాటున, వెలుగు పడేచోట, ఫ్యాను గాలి తగలకుండా కుదిరింది. మట్టిలో వేలు గుచ్చి, తడి ఆరితేనే నీళ్లు పోసేది. తడిగుడ్డతో ఆకులు తుడిచేది. ఎట్టకేలకు ఒకే ఒక్క పువ్వు ఎర్రగా, లక్క పూసినట్టు విచ్చుకుంది. ఆదివారం అత్తయ్యకు ఇవ్వాలనుకుంది.

ఆదివారం పొద్దున స్నానం చేసి వచ్చేసరికి కాడ మొండిగా ఉంది. పువ్వు దేవుడి పటం ముందు గాజుగ్లాసులో ఉంది.

"ఏమండీ, ఎవరు కోశారు?"

"నేనే. అంత నిగనిగలాడేది దేవుడికి కాక ఎవరికి?"

"అత్తయ్యకి. మాటిచ్చానని మీకు తెలుసు."

"పువ్విస్తానన్నావు. ఇది పువ్వు కాదుగా. ఈ ఎర్రదంతా ఆకేననీ, మధ్యలో నిలబడ్డ కాడ మీదున్నవే అసలు పువ్వులనీ మొన్న మా చెల్లెలికి పాఠం చెప్పింది నువ్వే."

తన పాఠం తనకే అప్పజెప్పేసరికి టీచరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయితే దేవుడికి ఆకు పెట్టి పువ్వు పెట్టానని దండం పెట్టుకున్నారన్నమాట. ఆయన్ని మోసం చేశారా, నన్ను చేశారా, ముందది తేల్చండి."

ఆయన గ్లాసును పటానికి ఇంకాస్త దగ్గరగా జరిపాడు. "ఏదైతేనేం, పెట్టేశాను. దేవుడికిచ్చింది వెనక్కి తీస్తారా ఎవరైనా?"

గ్లాసు అందుకోబోయిన ఆమె ఆగింది. ఆ భయం ఆమెకూ ఉంది. పటం వంక చూసింది.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. నిజంగా చేసినవాణ్ణి ఇవాళ చూశాను," అంది. "పరాయి సొత్తు పుచ్చుకునేంత లేమి ఆయనకి లేదండీ."

దండం పెట్టుకుని గ్లాసుతో సహా తీసుకుని మెట్లు దిగింది.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని, గుడ్డ నాణ్యం చూసినట్టు ఆ ఎర్రటి రేకును బొటనవేలితో తడిమింది.

"ప్లాస్టిక్‌ది కొనుక్కురాలేదు కదా?"

"లేదత్తయ్యా. ఈయన దేవుడికి పెట్టేస్తే అడిగి తెచ్చాను."

"ఎవర్ని, మీ ఆయన్నా?"

"దేవుణ్ణి. ఈయన్ని అడిగేదేముంది?"

అత్తయ్య బోసినోటితో నవ్వి, గ్లాసును కుట్టుమిషను మీద, తనకు కనబడేవైపు తిప్పి పెట్టుకుంది.

"బాకీ తీరింది. ఇక కూర్చో," అంది.