గిరి దాటిన ప్రకటన

అత్తగారికి మోకాళ్ల నొప్పులు. నీళ్లలో నడిస్తే కీళ్లు వదులవుతాయని డాక్టరు చెప్పాడట. ఆ నీళ్లలో నడిపించేవాళ్లు ఎక్కడుంటారో కాస్త చూసిపెట్టమని ఆవిడ అడిగేటప్పటికి కోడలి ఫోను పక్కగదిలో చార్జింగులో ఉంది. భర్త స్నానానికి వెళ్లాడు, అతని ఫోను బల్ల మీద ఉంది. కోడలు ఆ ఫోనే తీసుకుని ‘మోకాళ్ల నొప్పులకు నీటి వ్యాయామం’ అని కొట్టింది.

అన్నిటికన్నా పైన వచ్చిన ప్రకటన చూసి ఆమె వేలు ఆగిపోయింది. ‘వంతెన అవతలి పేటవాసులకు: మీ ఇంటికి నడక దూరంలోనే ఈతకొలను. పెద్దవాళ్లకు విడిగా తరగతులు.’

ఆ మాటలు రాసింది ఆమే. ఆమె ఉద్యోగమే అది. తాళాలు బాగుచేసేవాడు, కళ్లద్దాల షాపువాడు, ఈత నేర్పే మాస్టారు, ఇలాంటి చిన్న చిన్న వ్యాపారాలవాళ్లకు ఇంటర్నెట్‌లో ప్రకటనలు పెట్టిస్తుంది. వాళ్ల ప్రకటన ఊరందరికీ కనిపిస్తే డబ్బు దండగ, చుట్టుపక్కలవాళ్లకు కనిపిస్తే చాలు. అందుకని మ్యాపు మీద షాపు చుట్టూ ఒక గిరి గీస్తుంది. గిరి లోపలివాళ్లు అలాంటిదేదైనా వెతికితే ప్రకటన వాళ్ల పేట పేరు పెట్టి మరీ పలకరిస్తుంది. బయటివాళ్లకు అసలు ఊసే ఉండదు. ఆఫీసులో ఆమెను అందరూ ‘గిరి మేడం’ అంటారు.

ఈతకొలను వంతెనకు అవతల ఉంది. వీళ్ల ఇల్లు ఇవతల, అందులోనూ ఊరికి ఈ కొసన. ఆమె గీసిన గిరి వంతెన దాకా కూడా రాదు. మరి ఈ ఫోన్లోకి ఎలా వచ్చినట్టు?

ఆమెకు తెలిసి దానికి ఒకటే దారి. మనిషి ఆ సమయానికి గిరిలో లేకపోయినా, అక్కడికి తరచూ వెళ్లొస్తుంటే ఆ సంగతి ఫోను గుర్తుపెట్టుకుంటుంది. అలాంటివాళ్లకు ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నా ఆ ప్రకటన వస్తుంది.

లేచి వెళ్లి తన ఫోను తెచ్చి అదే కొట్టి చూసింది. ప్రకటన వచ్చింది. రాక ఏం చేస్తుంది, మాస్టారిని కలవడానికి వారం వారం తను అక్కడికి వెళ్తూనే ఉందిగా.

“అత్తయ్యా, మీ ఫోను ఒకసారి ఇవ్వండి.”

“నా దాంట్లో ఏముందమ్మాయ్, బొమ్మలే సరిగా రావు.”

గుమ్మం దాటి ఎరగని ఆ ఫోన్లో ప్రకటన రాలేదు. మూడు ఫోన్లు వరసగా పెట్టుకుని వాటి మీదికి వంగిన కోడల్ని అత్తగారు వింతగా చూసింది. “నా మోకాలికి ఇంత పరిశోధనా?” అంది.

కోడలు నవ్వలేదు. భర్త ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఇల్లూ, నాలుగు వీధుల అవతలి ఆ ఆసుపత్రీ, అందులో ఆ చీకటి గదీ తప్ప అతనికి వేరే లోకం లేదని ఆమె నమ్మకం. వంతెన అవతల అతనికి తెలిసినవాళ్లు ఒక్కరే ఉన్నారు. మేనమామ కూతురు. అక్కడి బళ్లో లెక్కలు చెబుతూ ఒంటరిగా ఉంటుంది. ఒకప్పుడు వీళ్లిద్దరికీ పెళ్లి మాటలు నడిచాయి. ఎందుకు ఆగాయో ఆ ఇంట్లో ఎవరూ సూటిగా చెప్పరు. అత్తగారు మాత్రం ఎప్పుడైనా కోడలు తల దువ్వుకుంటుంటే, “మా అమ్మ జడంతా మా తమ్ముడి కూతురికే వచ్చింది” అని నిట్టూరుస్తుంది.

భర్త తల తుడుచుకుంటూ వచ్చాడు. “నా ఫోన్లో ఏంటి చూస్తున్నావు?”

“అత్తయ్య మోకాలికి. వంతెన అవతల ఈతకొలను ఉందట.”

తువ్వాలు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. “అంత దూరమా? అమ్మ ఎక్కడ వెళ్లగలదు?”

“మీరు ఈమధ్య అటు వెళ్లారా?”

“నేనా? అటు నాకేం పని?”

అడిగీ అడగకముందే వచ్చిన ఆ జవాబుతో ఆమెకు ఒళ్లు భగ్గుమంది. పైకి మాత్రం ఫోను బల్ల మీద పెట్టి, దుప్పట్లు మడతపెట్టడానికి వెళ్లిపోయింది.

ఇక అప్పటినుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. అతను విప్పిన చొక్కా వాసన చూసింది. ఆసుపత్రి మందుల వాసన తప్ప ఏమీ లేదు. అదీ అనుమానంగానే తోచింది, ఇంత జాగ్రత్తపడుతున్నాడా అని. పెళ్లి ఆల్బం తీసి తిరగేసింది. వెనక వరసలో ఎవరి భుజం మీదుగానో తొంగిచూస్తున్న మరదలు దొరికింది. ఫొటోలో అందరూ కెమెరాను చూస్తున్నారు. ఆ పిల్ల కూడా కెమెరానే చూస్తోంది, కానీ ఈమెకు అలా అనిపించలేదు.

చివరికి అత్తగారినే కదిపింది. “మీ తమ్ముడి కూతురు ఎలా ఉందత్తయ్యా?”

“నువ్వు దాని ఊసెత్తావేంటి, ఇవాళ వానొస్తుందేమో. బాగానే ఉంది. మొన్న ఫోన్ చేసింది. బావ ఎలా ఉన్నాడంది.”

“నన్ను అడగలేదా?”

“అడిగిందిలే. పెట్టేసేముందు.”

ఆ వారం మాస్టారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆమె తిన్నగా వెళ్లలేదు. ఆటోను ఆ మరదలు ఉండే వీధి మీదుగా తిప్పించుకుంది. మేడ మీద వసారాలో బట్టలు ఆరేసి ఉన్నాయి. ఆటోను కాస్త నెమ్మదిగా పోనివ్వమని, మెడ సాచి ఒక్కొక్క బట్టా చూసింది. మగవాళ్ల చొక్కా ఒక్కటీ లేదు. లేనందుకు సంతోషించాలి, కానీ ఆరిపోయాక లోపల పెట్టేసి ఉంటుందనుకుంది. తన బుద్ధికి తనకే సిగ్గేసింది. అయినా వెనక్కి తిరిగి మరోసారి చూసింది.

కొలను గట్టున మాస్టారు తడి తలతోనే ఎదురొచ్చాడు. “ఫోన్లయితే బాగానే మోగుతున్నాయి మేడం. కానీ చేసేవాళ్లలో సగం మంది ఎక్కడెక్కడి వాళ్లో. నిన్న ఒకాయన వేరే ఊరినుంచి చేశాడు. వచ్చే నెల ఈ పేటకి ఇల్లు మారుతున్నాడట, వచ్చాక చేరతానంటాడు. మనది చుట్టుపక్కలవాళ్లకే అన్నారుగా?”

“వేరే ఊరినుంచా?”

“ఆయనకి మా వీధి పేరు కూడా తెలుసు. ఇళ్ల కోసం వెతుకుతుంటే మనం కనిపించామట.”

ఆమె అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. మ్యాపు మీద గిరి గీసినచోటే ఉంది, చక్కగా ఉంది. దాని కింద, నొక్కితే తప్ప తెరుచుకోని వరస ఒకటుంటుంది. దాన్ని నొక్కింది. ప్రకటన ఎవరికి కనిపించాలో అక్కడ తేల్చుకోవాలి: ఈ ప్రాంతంలో ఉండేవాళ్లకూ తరచూ వచ్చేవాళ్లకూ మాత్రమేనా, లేక దీనిమీద ఆసక్తి చూపినవాళ్లకు కూడానా. మనం మార్చకపోతే ఆ రెండోదే ఉండిపోతుంది. పాత ప్రకటనలో ఆమె మార్చింది. పెద్దవాళ్ల తరగతుల కోసం కొత్తది పెట్టినప్పుడు ఆ వరస తెరవనేలేదు.

“మాస్టారూ, తప్పు నాదే. దూరంవాళ్లు ఈ పేట గురించి వెతికినా మనది కనిపించేలా వదిలేశాను” అంది. మార్చి చూపించింది. వృథా అయిన డబ్బు సంగతి ఆఫీసులో తనే చెబుతానంది.

“సరిచేశారుగా. రానివాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది” అని మాస్టారు పెద్దగా నవ్వాడు.

బయటికి వచ్చాక ఆమె గుండెల మీద బరువు దిగినట్టయింది. అతను ఇక్కడికి రాలేదు. ఆసక్తి చూపాడు, అంతే. నాలుగడుగులు వేసేసరికి ఆ బరువు తిరిగొచ్చి కూర్చుంది. ఏమిటా ఆసక్తి? ఎటూ వెళ్లకుండా ఆ చీకటి గదిలో కూర్చుని ఈ పేటనే తలుచుకుంటున్నాడా? వెళ్లి వచ్చినా ఇంకా నయం.

ఇంటికి వచ్చేసరికి అతను కారుతున్న కుళాయి విప్పుతున్నాడు. ఆమె సంచి కూడా దించకుండా, “వంతెన అవతల ఏం వెతికారు?” అని అడిగింది.

“ఏంటి?”

“వెళ్లలేదని తెలుసు. వెతికారని కూడా తెలుసు.” ప్రకటన సంగతి, గిరి సంగతి, తన పొరపాటు సంగతి వరసగా చెప్పింది. అతను పానా పట్టుకుని అలాగే విన్నాడు.

“అయితే నీ ప్రకటనే నామీద చాడీలు చెప్పిందన్నమాట.”

లోపలినుంచి అత్తగారు, “ఎవర్రా చాడీలు చెప్పింది?” అంది.

“ఎవరూ లేరమ్మా.” అతను గొంతు తగ్గించాడు. “నీ మాస్టారిని వెతికాను.”

“మాస్టారినా?”

“వారం వారం అక్కడినుంచి వచ్చి మాస్టారు ఇలా అన్నారు, మాస్టారు అలా నవ్వారు అంటావు. ఒక్క ఊపిరిలో కొలను ఆ చివరికి వెళ్తాడంటావు. నేను పొద్దస్తమానం జనాల ఎముకలు చూస్తుంటాను. నా గురించి ఎవరితోనైనా ఎప్పుడైనా అలా చెప్పావా?”

ఆమె సంచి కింద పెట్టింది. “ఫొటో చూశారా?”

“చూశాను. భుజాలు కూడా చూశాను. కొలను పేరు, పేట పేరు, ఆయన పేరు, అన్నీ కొట్టి చూశాను. ఒక్కసారి కూడా కాదు.”

“నేనేమో మీ మరదలి కోసం అనుకున్నాను.”

“దాన్ని వెతకడమెందుకు? నంబరు ఉందిగా.”

చల్లారబోతున్న మంట ఆ మాటతో మళ్లీ రాజుకుంది. “ఉందా?”

“మేనమామ కూతురి నంబరు ఉండదా?”

“ఉంచుకోండి. మాట్లాడేటప్పుడు నా ముందు మాట్లాడండి.”

“సరే. నువ్వు ఆ మాస్టారి ముచ్చట్లు నా దగ్గర చెప్పకు.”

“చెప్పకపోతే దాస్తున్నానంటారు.”

అతను కుళాయిలోకి చూస్తూ ఆలోచించాడు. అది నిజమేనని ముఖంలో తెలిసిపోయింది. “అయితే చెప్పు. కానీ అలా నవ్వుతూ చెప్పకు.”

ఆ వారంలో మొదటిసారి ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు ఎవరు గుర్తొచ్చి వచ్చిందోనని అతను పానా పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు.