మంత్రంగారి తోడల్లుడు

పాత కారు డాష్‌బోర్డు కింద తల దూర్చి, కాళ్ళు తలుపు బయటికి చాపి, నోట్లో స్క్రూడ్రైవరు కరచుకుని మేస్త్రీ తీగలు వెతుకుతున్నాడు. అరవయ్యో ఏటికి దగ్గర పడిన నడుము ఆ ఇరుకులో పట్టనని మొరాయిస్తోంది.

“మంత్రంగారు లేరా?” పొద్దున్నే కారు తెచ్చిన మాస్టారు మొదట అడిగిన మాట అదే.

“ఆస్పత్రిలో ఉన్నాడండి. పది రోజులైంది.”

“అయ్యో! మరి మీరు...”

“తోడల్లుణ్ణి.”

ముప్ఫై ఏళ్ళుగా ఆ షెడ్డులో ఆయనకున్న పేరు అదే, మంత్రంగారి తోడల్లుడు. నిజానికి షెడ్డు తనది. భార్య చెల్లెల్ని చేసుకుని వచ్చిననాడు మరో పని చేతకాని ఆ కుర్రాడికి, ఏ తీగ ఎందుకో ఒక్కొక్కటే పట్టుకుని చూపించింది తను. అయిదేళ్ళు తిరిగేసరికి వాడు చెయ్యి పెడితే చాలు, బండి వెలుగుతుందన్నారు. మంత్రం అని పేరు పెట్టారు. సొమ్మొకడిది, సోకొకడిది! వాడు మాత్రం “అన్నయ్య నేర్పిందే కదా” అని అందరికీ నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వు చూస్తే మేస్త్రీకి ఇంకా మండేది.

ఇప్పుడు మంచాన పడ్డా వాడిదే రాజ్యం. చూడ్డానికి వచ్చేవాళ్ళతో ఆస్పత్రి వరండా నిండిపోతోందట. తన భార్య కూడా రెండు పూటలా క్యారేజీ పట్టుకుని అక్కడికే. తనకు ఆపరేషనైనప్పుడు ఇద్దరంటే ఇద్దరు వచ్చారు. అందులో ఒకడు మంత్రమే, మూడు రాత్రులు బల్ల మీద కూర్చున్నాడు. ఆ సంగతి మేస్త్రీ ఎప్పుడూ తలుచుకోడు.

పదింటికి భార్య ఫోన్ చేసింది.

“మీరు ఫోన్ చేశారా అని మరిదిగారు రెండుసార్లు అడిగారు. ఒక్క మాట మాట్లాడకూడదూ?”

“పని మీదున్నాను. సాయంత్రం చూద్దాంలే.”

డాష్‌బోర్డులో ఒక్క దీపమూ వెలగడం లేదు. చీకటి పడితే స్పీడెంతో, పెట్రోలెంతో కనపడదు. అదే ఫ్యూజు మీద నడిచే వెనక దీపాలు వెలుగుతున్నాయి కాబట్టి ఫ్యూజు పోలేదు. బల్బులన్నీ ఊడదీసి చూశాడు, ఒక్కటీ మాడలేదు, మళ్ళీ బిగించేశాడు. తన టెస్ట్ ల్యాంపు ఎప్పుడో విరిగిపోతే, మేకుకు వేలాడుతున్న మంత్రం ల్యాంపే అందుకున్నాడు. చిన్న బల్బు, ఒక క్లిప్పు, ఒక సూది. చెయ్యి జారకుండా పిడికి ఎర్రగుడ్డ పీలిక చుట్టుకున్నాడు వాడు. ఇనుప చట్రానికి క్లిప్పు తగిలించి, దీపాలకు వెళ్ళే తీగలో సూది గుచ్చితే బల్బు వెలగలేదు. కరెంటు ఇక్కడిదాకా రావడం లేదన్నమాట.

తీగ లోపలెక్కడో తెగి ఉంటుందనుకున్నాడు. కారుది మంత్రం సైతం పట్టలేనంత పెద్ద జబ్బే కావాలని కోరుకున్నాడు.

మధ్యాహ్నం మాస్టారు వచ్చి చూసి నసిగాడు. “పోనీ, ఆయనకోసారి ఫోన్ చేసి అడిగితే?”

“అక్కర్లేదండీ. సాయంత్రానికి నేనే పడతాను.”

మాస్టారి మాట పుండు మీద కారంలా పనిచేసింది. అన్నం క్యారేజీలోనే ఉండిపోయింది. కట్టలు విప్పాడు, టేపులు ఒలిచాడు, మూర మూరా తడిమాడు. తీగ ఎక్కడా తెగలేదు.

పొద్దు వాలుతుండగా నడుము పట్టేసి, లేచి డ్రైవరు సీట్లో కూలబడ్డాడు. మంత్రం ప్రతి బండినీ ఇలాగే మొదలుపెట్టేవాడు. పనిముట్టు ముట్టకముందు సీట్లో కూర్చుని, ఉన్న బొత్తాలన్నీ తిప్పేవాడు. పిల్లలాటలని తను వెక్కిరించేవాడు. ఇప్పుడు ఏమీ తోచక స్టీరింగు పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పాడు, డాష్‌బోర్డు వెలుగు పెంచి తగ్గించే చక్రం అది.

కాళ్ళ దగ్గర టెస్ట్ ల్యాంపు వెలిగింది. తలెత్తితే డాష్‌బోర్డంతా వెలుగే.

కారు తుడిచినప్పుడెప్పుడో గుడ్డ తగిలి చక్రం వెలుగు పూర్తిగా తగ్గేదాకా తిరిగిపోయి ఉంటుంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. నవ్వొచ్చింది. ఈ సంగతి చెబితే మంత్రం పొట్ట పట్టుకుని నవ్వుతాడు. మంచం మీదున్నా సరే, నవ్వుతాడు. వాడికి తప్ప ఇంకెవరికి అర్థమవుతుంది?

భార్యకు ఫోన్ చేశాడు.

“వాడికివ్వు.”



“మీకే చేద్దామనుకుంటున్నానండీ. అరగంటైంది... పోయారు.”

ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది. పొద్దుటినుంచి వాడు ఎదురుచూసింది ఒక్క మాట కోసం. దాన్ని తను సాయంత్రానికి దాచి ఉంచాడు.

గేటు దాటి వస్తున్న మాస్టారు దీపాలు చూసి సంబరపడ్డాడు. “మొత్తానికి ఫోన్ చేశారన్నమాట! మంత్రంగారే చెప్పారా?”

‘నేనే పట్టాను’ అనాలని పొద్దుటినుంచీ నాలుక చివర పెట్టుకున్నాడు మేస్త్రీ.

“అవునండి. వాడే చెప్పాడు.”

కారు దిగి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. డాష్‌బోర్డు కింద తీగలో గుచ్చిన సూది అలాగే ఉంది, ఎర్రగుడ్డ పీలిక పక్కన చిన్న బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది.