మూడో రకం

నరసన్నపేటలో విత్తనాల కొట్టు నడిపే మురళీమోహన్ కస్టమర్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్ కొనాలనుకున్నాడు. చూసిన మొదటి రెండింటినీ, ఆ ఇంగ్లీషు ఎవడు చదువుతాడని వద్దన్నాడు. మూడోది అంతా తెలుగే. దాన్ని చూపించడానికి వచ్చిన సుహాసిని, ఒక్కో కస్టమర్‌కీ ఒకటో రకం, రెండో రకం, మూడో రకంలో ఒకటి ఎంచమంది. ఎవరు ఎంత కొంటారో తలచుకుని టకటకా నొక్కేశాడు.

"నాను మూడో రకవేటిరా?"

వెనక కుర్చీలోంచి తెర మీది తెలుగు చదువుతూ జగన్నాధం మావ. కొట్టు తెరిచిననాడు ఊళ్లో రైతులందరినీ వెంటబెట్టుకొచ్చింది ఆయనే.

"అదీ... కంప్యూటరే ఏసుకుంటాది మావా."

"నువ్వు నొక్కుతుంటే సూసేన్రా."

జగన్నాధం లేచి, భుజం మీది తువ్వాలుతో కుర్చీ తుడిచాడు.

"ఒకటో రకమోళ్లొస్తే కూకుంటార్లే."