ఊట మీద సిమెంటు

ఊట పైకొచ్చి గంట కాలేదు, దాని మీద సిమెంటు పోయమని హుకుం వచ్చింది.

ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ వెనక, కాలనీల మధ్య నుంచి పారే నాలా అది, ఒకప్పటి వాగు. గట్టు మీద 'నాలా పునరుద్ధరణ' అని బోర్డు పెట్టారు. అంటే అడుగున సిమెంటు, రెండు పక్కలా సిమెంటు, పైన స్లాబు. స్లాబు మీద పార్కు, పార్కింగు. కాంట్రాక్టు జనార్ధన్‌ది. తాతల నాటి పొలాలు ప్లాట్లు చేసి అమ్మి, ఫంక్షన్ హాళ్లు కట్టిన మనిషి.

మేస్త్రీ సైదులు, అతని ముఠాలోని పన్నెండు మంది కూలీలు దేవరకొండ వైపు వాళ్లు. ఒకప్పుడు బావులు తవ్విన చేతులు. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త ఎత్తిపోశాక, సైదులు భార్య పెంటమ్మ గడ్డపార రాతి సందులో దిగింది. నల్లటి మురుగు పక్కనే తేటనీరు బుడబుడమంటూ పొంగింది.

బావులు తవ్వేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. నీళ్లు పడగానే పని ఆపాలి. పసుపు కుంకుమ పెట్టి గంగమ్మకు టెంకాయ కొట్టాలి. తవ్విన చేతితో ఊట మూయకూడదు. అందరూ చెప్పులు విడిచారు. ఆ నీళ్లు తాగే ధైర్యం లేక కళ్లకద్దుకున్నారు. 'ఇంత మురుగులో గంగమ్మ ఉంటదా?' అనుకున్నాడు సైదులు. 'లేకుంటే ఇన్నేళ్లు ఊరింది ఎవరు?'

అప్పుడే జనార్ధన్ కారు దిగాడు.

"ఏందిరా, నాలాల జాతర పెట్టిన్రు? ఒంటిగంటకు రెడీమిక్స్ కాంక్రీటు లారీ ఒస్తది. అడుగున బెడ్ పడాలె."

"ఊట పడ్డది పటేలా. దీన్ని ఇడిచిపెడదం."

"ప్లాన్ల ఊట లేదు."

"ప్లాన్ల లేకుంటే భూమిల లేనట్టేనా?" అంది పెంటమ్మ.

"నోర్ముయ్. పోయకుంటే గుడిసెలు పీక్కొని పోన్రి. పని బంద్."

"బందే పటేలా," అన్నాడు సైదులు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

కాలనీ జనం గట్టు మీదికి వచ్చారు. "చూడున్రి, మీ స్లాబు ఆపుతున్నరు!" అని జనార్ధన్ అరిచాడు. "దోమలతోని చస్తున్నం!" "వీళ్ల పూజలు మాకెందుకు?" ఎవరో విసిరిన మట్టిగడ్డ సైదులు భుజానికి తగిలి పగిలింది.

కాలనీ సంఘం కార్యదర్శి స్వర్ణలత ముందుకొచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న మనిషి. "ఏమయ్యా, నాలా మూసెయ్యమని అర్జీ పెట్టింది మేమే. ఈ కంపు ఎన్నాళ్లు భరించాలి?"

"కంపు వాగుది కాదమ్మా," అన్నాడు సైదులు. "గా పైపులు చూడున్రి." ప్రహరీ గోడల్లోంచి వరసగా పైపులు నాలాలోకి కారుతున్నాయి. "మీ బాత్రూముల నీళ్లే. వాగును మోరి చేసిందీ మనమే, బొంద పెట్టేదీ మనమే."

"మమ్మల్నే అంటవా?" జనం గట్టు దిగబోయారు.

"నన్ను గూడ అంటున్న! పోయినేడు ఎగువ కాలనీల గిసొంటి ఊటనే పడ్డది. పని పోతదని భయపడి, పసుపు గూడ పెట్టకుండ నా చేత్తోనే మూసిన. ఎండకాలం ఆడ బోర్లెండినై. వానకాలం నీళ్లు ఇంకే జాగ లేక ఇండ్లల్లకొచ్చినై."

జనం ఆగారు. స్వర్ణలత మెల్లగా అంది: "నిజమే. మా చెల్లెలు అక్కడే ఉంటుంది. మంచాలు తేలాయి." ఆమె జనార్ధన్ వైపు తిరిగింది. "పైపులు విడిగా డ్రైనేజీలో కలిపి, అడుగున మట్టి ఉంచి, గట్ల మీద గడ్డి పెంచితే కాదా?"

"కాంట్రాక్టు కాంక్రీటుకు ఇచ్చిన్రు మేడం. గడ్డికి కాదు."

ఆ ఒక్క మాట చాలింది.

"అయితే ఆ ప్లాను మాకొద్దు," అంది స్వర్ణలత. "ముందు వాగు బతకాలి. పార్కు సంగతి తర్వాత."

లారీ, జనార్ధన్ పిలిపించిన పోలీసు వ్యాను ఒకేసారి వచ్చాయి. ప్రభుత్వ పనికి అడ్డుపడ్డాడని ఎస్సై సైదులు కాలరు పట్టుకున్నాడు. లారీ వెనక్కి జరిగి నాలా అంచున ఆగింది. స్వర్ణలత చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి మురుగులోకి దిగింది. ఆమె వెనక ఐదుగురు. వాళ్ల వెనక యాభై మంది. పెంటమ్మ ముఠాతో కలిసి ఊట చుట్టూ వలయం కట్టారు.

"జరుగున్రమ్మా!" లారీ డ్రైవరు మహేష్ మొత్తుకున్నాడు. "డ్రమ్ముల మాలు గట్టిపడితే నా నౌకరి పోతది!"

"అట్లయితే తీస్కపో తమ్మీ. మేం ఏడికీ పోము," అంది పెంటమ్మ.

గంట గడిచింది. డ్రమ్ము తిరుగుతూనే ఉంది, ఒక్కరూ కదల్లేదు. మహేష్ గడియారం చూశాడు, జనార్ధన్ ముఖం చూశాడు, గేరు మార్చాడు. లారీ పోతుంటే నాలా అంతా కేకలు.

"రేపు పది లారీలు తెస్త!" అన్నాడు జనార్ధన్.

అప్పటిదాకా వ్యాను పక్కన నిలబెట్టిన సైదులును లోపలికి నెట్టారు. మోకాలి లోతు మురుగులోంచి స్వర్ణలత అరిచింది: "సైదులన్నా! ఎగువలో నువ్వు మూసిన ఊట ఎక్కడ?"

సైదులు కిటికీ జాలీ పట్టుకున్నాడు. "పోచమ్మ గుడి ఎనుక, కల్వర్టు కింద, ఎడమ దిక్కు!" వేళ్ల మీద లాఠీ పడింది. అతను వదల్లేదు. "సిమెంటు మందం ఉంటది! పెద్ద గడ్డపారలు తీస్కపోన్రి!"

వ్యాను కదిలింది. జాలీలోంచి వెనక్కి చూశాడు. సగం మంది ఊట చుట్టూ కూర్చున్నారు. మిగతా సగం పెంటమ్మ వెంట, గడ్డపారలు భుజాన వేసుకుని, ఎగువకు నడుస్తున్నారు.