వంటింటి విచారణ

"వదినా, అన్నయ్య నల్లకోటు కాస్త ఇస్త్రీ చేసిపెట్టండి. వేదిక మీద ఆయన కుర్చీకి తొడుగుతాం," అన్నాడు మరిది. మనిషి పోయి నెలయినా ఆయన బట్టల చాకిరీ మాత్రం ఆమెను వదల్లేదు. ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు మరిది ఆమె చేతిలో ఒక కాగితం కూడా పెట్టాడు. సాయంత్రం సంతాపసభలో ఆమె చదవాల్సిన నాలుగు ముక్కలవి. 'ఆయన నీడలో ముప్ఫై నాలుగేళ్ళు చల్లగా బతికాను' అని మొదలైంది. "మీకెందుకు శ్రమని నేనే రాసేశాను," అన్నాడు. తన మొగుడి గురించి తను ఏమనుకుంటోందో కూడా ఇంకొకరు రాసిపెట్టే భాగ్యం ఎందరికి దొరుకుతుంది.

కుటుంబ న్యాయస్థానంలో జడ్జిగా ఆయనకున్న పేరు అలాంటిలాంటిది కాదు. ఆయన ముందు ఏ ఆడదాని అబద్ధమూ నిలబడదని ప్లీడర్లు చెప్పుకునేవారు. ఎందుకు నిలబడదో ఆమెకే తెలుసు. రోజూ పొద్దున్న ఆమె కూరలు తరుగుతుంటే ఆయన వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, కాఫీ తాగుతూ, ఆ పూట విచారణకొచ్చే భార్యల అర్జీలు పైకి చదివేవాడు. "ఆడవాళ్ళ కిటుకులు ఆడవాళ్ళకే తెలుస్తాయి. ఎక్కడ బొంకుతోందో చెప్పు," అనేవాడు.

మిగతా రోజంతా ఆమె మాట ఆయన చెవికెక్కేది కాదు. ఉద్యోగం చేస్తానంటే, "జడ్జి పెళ్ళానికి ఉద్యోగమేమిటి, నలుగురూ నవ్వుతారు," అన్నాడు. జ్వరమొచ్చిందంటే, "వాడికి లేనిపోని తలనొప్పి తెప్పించకు," అని అత్తగారే నోరు మూయించేది. ఆ అరగంట మాత్రం ఆయన కళ్ళజోడు తీసి, ఆమెవైపు తిరిగి వినేవాడు. ఎంత కటువుగా తప్పు పడితే అంతసేపు కూర్చునేవాడు. "పాపం, నిజమే చెబుతున్నట్టుంది," అన్నదంటే కాగితాలు మడిచి స్నానానికి వెళ్ళిపోయేవాడు. అందుకని ఆమె పాపం అనడం మానేసింది. తను నోరు మూసుకుని పడ్డవే వాళ్ళు పడలేక కోర్టుకెక్కారన్న మంట కూడా లోపల ఉండేది. నిజం చెప్పాలంటే ఆ మంటే ఎక్కువ.

సభలో వక్తలు ఒకరి తర్వాత ఒకరు ఆయన్ని ఆకాశానికెత్తుతుండగా, ఒకావిడ వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. దర్జీ కాబోలు, కొలతల టేపు మెడలో వేసుకునే వచ్చేసింది.

"నాదీ ఆయన కోర్టేనమ్మా. పదకొండేళ్ళయింది."

"న్యాయం జరిగిందా?" అలవాటుగా అడిగింది ఆమె.

"నా పిల్లని వాళ్ళ నాన్నకిచ్చేశారు," అంది దర్జీ ఆవిడ, బట్ట ధర చెప్పినంత మామూలుగా. "మా ఆయన నన్నూ పిల్లనీ లోపల పెట్టి, బయట తాళం వేసుకుని నాలుగేసి రోజులు పోయేవాడు. అర్జీలో అది రాయించాను. ఇంకోచోట, పొద్దున్నే పిల్లకి పాలు కాచేదాన్నని రాయించాను. జడ్జిగారు ఆ రెండూ చదివి, తాళం వేసిన ఇంట్లోకి రోజూ పాలెలా వచ్చాయమ్మా అన్నారు. పక్కింటావిడ కిటికీ ఊచల్లోంచి గిన్నెలోకి పోసేది. పేరు చెబితే వాళ్ళాయన ఆవిణ్ణి బతకనివ్వడు. నేను పలక్కపోయేసరికి అంతా అబద్ధమని తేల్చేశారు."

"పిల్ల?"

"పదహారొచ్చాయి. నేను ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోతుంది, మా అమ్మ అబద్ధాలకోరని కోర్టే చెప్పిందని. మిమ్మల్ని ఒక్కటి అడిగిపోదామని వచ్చాను. మా ఆయన ప్లీడరుకే తట్టలేదు ఆ పాల సంగతి. జడ్జిగారికెలా తట్టిందమ్మా?"

ఆ పొద్దుటిపూట ఆమెకు బాగా గుర్తుంది. ఆ పాల ప్రశ్న తను అందించగానే ఆయన "శభాష్" అన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆమె విన్న ఒకే ఒక్క శభాష్. ఆ రోజంతా కూనిరాగం తీస్తూ పని చేసుకుంది. ఇప్పుడది తలచుకుంటే సిగ్గేసింది.

"నువ్వు అబద్ధమాడలేదని ఎవరైనా చెబితే నీ కూతురు వింటుందా?"

"నేను చెబితే వినదు. కోర్టువాళ్ళ ముందు చెబితే వింటుందేమో."

అంతలో మరిది వంగి చెవిలో అన్నాడు: "మీ వంతు వచ్చింది వదినా. చూసి చదివేయండి. మధ్యలో ఏడుపొస్తే ఆపుకోకండి, సభకి బావుంటుంది." ఆమె కాగితం మరిది జేబులోనే పెట్టేసి, దర్జీ ఆవిడ చెయ్యి పట్టుకుని వేదికెక్కింది.

ముందు వరుసలో ఇప్పటి జడ్జి, వెనక ప్లీడర్లు, ఫోన్లు ఎత్తిపట్టుకున్న గుమాస్తాలు. "ఆయన కోర్టులో అడిగిన ప్రశ్నలు చాలామటుకు వంటింట్లో నేను చెప్పినవే," అంది ఆమె. జనం మెచ్చుకోలుగా చప్పట్లు కొట్టారు. మరిది కూడా కొట్టాడు. అవి పూర్తిగా ఆగేదాకా ఆమె ఓపిగ్గా నిలబడింది.

"నిజం చెబుతున్నారని నాకు తెలిసినవాళ్ళని కూడా అబద్ధాలకోరులని చెప్పాను. ఈవిడతో మొదలుపెడతాను. రాసుకోండి."